మాట కూడా అమానతే

అమానత్ అన్న పదం వినగానే మన మనసులో మెదిలేవి పైకం, నగలు, ఆస్తి పత్రాలు. పొరుగువారు ప్రయాణమై వెళ్తూ మన ఇంట దాచిన సొమ్మును తిరిగి వారి చేతిలో పెట్టేవరకు మనకు కంటినిండా నిద్ర ఉండదు. అయితే సొమ్ముకన్నా సులువుగా చేజారేది, చేజారినా ఎవరూ పసిగట్టలేనిది మరో అమానత్ ఉంది. అది ఇతరుల మాట. ఒకరు చెప్పినదాన్ని మరొకరికి చేరవేసే ప్రతి మనిషి చేతిలోనూ ఆ అమానత్ ఉంటుంది. ఆ మాట ఒక భాషలో పుట్టి మరో భాషలోకి వెళ్లవలసి వచ్చినప్పుడు బాధ్యత రెట్టింపవుతుంది. ఎందుకంటే వినేవారికి మూలం తెలియదు. చేరవేసేవారు ఏది చెబితే అదే వారికి మూలం.

ఈ బాధ్యతను జీవితాంతం మోసిన ఒక జర్మన్ రచయితను ఈ నెల పరిచయం చేయదలిచాము. ఆయన పేరు హాన్స్ వోల్‌ష్లేగర్. ఆంగ్ల సాహిత్యాన్ని జర్మన్ భాషలోకి తెచ్చిన అనువాదకుడు, నవలాకారుడు, చరిత్ర రచయిత, పాత గ్రంథాల పరిష్కర్త. ఆయన ముస్లిం కాదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, చర్చిని, మత విశ్వాసాన్ని తీవ్రంగా విమర్శించిన వ్యక్తి. అటువంటివారి కథ మన పత్రికలో ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. కారణాలు రెండు. బైతుల్ మఖ్దిస్ కోసం ఐరోపా సాగించిన యుద్ధాల చరిత్రను తన జాతి ప్రజలకు నిర్మొహమాటంగా చెప్పినవారిలో ఆయన ఒకరు. అలాగే, దివ్యఖుర్ఆన్ భాగాలను, మన మదరసాల్లో చదివే హరీరీని జర్మన్‌లోకి తెచ్చిన ఒక మహాకవి రచనలను భద్రపరిచే పనికి తన చివరి సంవత్సరాలు వెచ్చించినవారు కూడా ఆయనే.

సంగీతం నేర్పిన తొలి పాఠం

వోల్‌ష్లేగర్ 1935 మార్చి 17న జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతంలో, మిండెన్ అనే పట్టణంలో జన్మించారు. తండ్రి ప్రొటెస్టెంట్ పాస్టర్. బాల్యం యుద్ధ కాలంలో గడిచింది. యౌవనంలో ఆయన మొదట పట్టింది కలాన్ని కాదు, సంగీతాన్ని. డెట్‌మోల్డ్ నగరంలోని సంగీత విద్యాలయంలో చదువుకున్నారు.

ఆ రోజుల్లోనే ఆయనను ఒక అసంపూర్ణ రచన ఆకర్షించింది. గుస్తావ్ మాలర్ అనే ప్రసిద్ధ సంగీతకర్త 1911లో మరణించేనాటికి ఆయన పదవ సింఫనీ సగంలో ఆగిపోయింది. రూపురేఖలు ఉన్నాయి గాని, అనేక భాగాలలో ఏ వాద్యం ఎప్పుడు పలకాలో నిర్ణయం కాలేదు. 1950వ దశకం మధ్యలో, ఇరవై ఏళ్లయినా నిండని వోల్‌ష్లేగర్ దాన్ని పూరించే పనికి పూనుకున్నారు. కొన్ని సంవత్సరాలు శ్రమించారు. చివరకు తాను సిద్ధం చేసినదాన్ని లోకానికి ఇవ్వకుండా ఉపసంహరించుకున్నారు.

ఈ చిన్న ఘటన వద్ద పాఠకులు ఒక్క క్షణం ఆగాలని మా కోరిక. మరణించినవారు చెప్పక వదిలేసిన మాటను మనం పూరించవచ్చునా? పూరిస్తే అది వారి మాట అవుతుందా, మన మాట అవుతుందా? ఈ ప్రశ్న ఆ యువకుణ్ణి ఆ తరువాత కూడా విడిచిపెట్టలేదు. ఆయన చేపట్టిన ప్రతి పెద్ద పనిలోనూ అది వేరువేరు రూపాలలో ఎదురవుతూనే వచ్చింది.

మార్చిన మాటలు, మరమ్మతు చేసిన మాటలు

జర్మనీ దక్షిణ భాగంలోని బాంబెర్గ్ నగరం ఆయనకు స్థిర నివాసమైంది. అక్కడ కార్ల్ మే రచనలను ప్రచురించే సంస్థలో ఆయన పనిచేశారు. కార్ల్ మే పేరు మన పాఠకులకు కొత్త కావచ్చు. 1842లో పుట్టి 1912లో మరణించిన ఈ సాహస కథా రచయితను చదవని జర్మన్ బాలుడు ఒకప్పుడు అరుదు. ఆయన కథలు కొన్ని అమెరికా అడవుల్లో, కొన్ని ఉస్మానియా సామ్రాజ్యపు ఎడారుల్లో, కొండల్లో నడుస్తాయి. వాటిలో హాలెఫ్ ఉమర్ అనే అరబ్బు సేవకుడు ఉంటాడు. పేరు ముందు 'హాజీ' అని గొప్పగా చేర్చుకుంటాడు. తీరా చూస్తే కథ మొదలయ్యేనాటికి అతడు మక్కా ముఖమే చూడలేదు! చిత్రమేమిటంటే, అతణ్ణి సృష్టించిన రచయిత కూడా ఆ కథలు రాసేనాటికి తూర్పు దేశాలను చూడలేదు. 1899లో గాని ఆయన ఆ ప్రయాణం చేయలేదు. అయినా కొన్ని తరాల జర్మన్లకు ముస్లిం ప్రపంచం గురించిన తొలి ఊహ ఆ కథల ద్వారానే కలిగింది.

కార్ల్ మే మరణించాక ఆయన రచనలు యథాతథంగా మిగలలేదు. ప్రచురణకర్తలు కాలానుగుణంగా వాక్యాలు దిద్దారు, కొన్ని భాగాలు తగ్గించారు, కొన్ని కలిపారు. పాఠకులు కార్ల్ మేని చదువుతున్నామని అనుకుంటూ ఆయనతో పాటు మరి కొందరి కలాలను కూడా చదివారు. ఈ వ్యవహారాన్ని లోపలినుండి ఎరిగిన వోల్‌ష్లేగర్ 1965లో కార్ల్ మే జీవిత చరిత్ర రాశారు. తరువాత హెర్మన్ వీడెన్‌రోత్ అనే సహచరుడితో కలిసి, రచయిత రాసిన మాటలను రాసినట్లుగా తిరిగి నిలబెట్టే పరిష్కృత ప్రతుల ముద్రణను 1987లో ఆరంభించారు.

పిల్లల సాహస కథలకు అంత శ్రమ అవసరమా అని అప్పట్లో నవ్వినవారు ఉండవచ్చు. హదీసు విద్యార్థులు మాత్రం నవ్వరు. ఒక్క పదం విషయంలో ఏ రావీ ఎలా ఉల్లేఖించారో, ఎవరు కలిపారో, ఎవరు విడిచారో వెదకడంలో మన ఉలమా ఆయుర్దాయాలు ఖర్చుచేశారు. విషయాల స్థాయిలో భూమ్యాకాశాల అంతరం ఉన్నదన్న మాట నిజమే. ఎవరి మాట ఎవరిదో తేల్చి చెప్పాలన్న నియమం మాత్రం ఒక్కటే.

ఒక్క రోజు కథకు కొన్నేళ్ల శ్రమ

అనువాదకుడిగా వోల్‌ష్లేగర్ పేరు మొదట నలుగురికీ తెలిసింది ఎడ్గార్ ఎలన్ పో రచనల ద్వారా. ఆ అమెరికన్ రచయిత కథలను, వ్యాసాలను, కవితలను ఆయన, ఆర్నో ష్మిట్ అనే నవలాకారుడు కలిసి జర్మన్‌లోకి తెచ్చారు. 1966 నుండి 1973 వరకు నాలుగు పెద్ద సంపుటాలుగా అవి వెలువడ్డాయి. వయసులో తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవారైన ష్మిట్‌ను వోల్‌ష్లేగర్ గురువుగా భావించారు. తరువాతి కాలంలో, 1982లో, ఆ గురువు పేరిట ఏర్పడిన పురస్కారం శిష్యుడికే లభించింది.

ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన అనువాదం 'యులిసిస్'. ఐర్లండ్ రచయిత జేమ్స్ జాయిస్ నవల ఇది. 1922లో ప్యారిస్‌లో వెలువడింది. అశ్లీలత ఆరోపణపై అమెరికాలో 1933 చివరి వరకు దానిపై నిషేధం ఉండేది. కుటుంబంలో అందరూ కూర్చుని చదువుకోదగిన గ్రంథం కాదని మేమూ చెబుతాము. ఇక్కడ మేము ప్రస్తావిస్తున్నది దానిలోని కథను కాదు, దాన్ని మోసిన అనువాదకుడి శ్రమను.

1904 జూన్ 16వ తేదీ, డబ్లిన్ నగరం. పత్రికకు ప్రకటనలు సేకరించే ఒక సామాన్యుడు ఉదయం లేచి, ఊరంతా తిరిగి, రాత్రికి ఇల్లు చేరతాడు. స్థూలంగా ఇంతే కథ. కాని పద్దెనిమిది అధ్యాయాల్లో ఒక్కొక్కటీ ఒక్కొక్క శైలిలో నడుస్తుంది. చివరి అధ్యాయంలో విరామ చిహ్నాలు దాదాపు కనిపించవు. పద్నాలుగవ అధ్యాయం ఒక ప్రసూతి ఆసుపత్రిలో జరుగుతుంది. తల్లి గర్భంలో శిశువు నెలనెలా పెరిగినట్లు, ఆ అధ్యాయంలో ఆంగ్ల భాష కూడా శతాబ్దాల వెంట పెరుగుతూ వస్తుంది. ప్రాచీన ఆంగ్లంతో మొదలై, ఒక్కొక్క యుగపు గద్యాన్ని దాటుకుంటూ, ఆనాటి వీధి భాషలో ముగుస్తుంది. తెలుగులో ఊహించుకోవాలంటే, నన్నయ నాటి పలుకుతో ఆరంభమై, తిక్కన, చిన్నయసూరి కాలాలను దాటి, నేటి బస్టాండు సంభాషణతో ముగిసే ఒకే ఒక అధ్యాయమన్నమాట.

దీన్ని అనువదించేదెలా? అర్థం మాత్రం చెప్పి, శైలిని వదిలిపెడితే చేతికి వచ్చేది పెంకు మాత్రమే. వోల్‌ష్లేగర్ తన జర్మన్ భాష చరిత్రలోకి దిగారు. ఆంగ్లం ఏ యుగంలో పలికిందో, జర్మన్‌లో ఆ యుగానికి తగిన పాత పలుకును వెదికి తెచ్చి, మెట్టు మెట్టుగా అధ్యాయాన్ని కట్టారు. అందుకు తన భాష వెయ్యేళ్లలో ఎలా నడిచిందో తెలిసి ఉండాలి. ఇతరుల భాషకు న్యాయం చేయాలంటే ముందు సొంత భాషను లోతుగా ఎరగాలన్న సత్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు.

ఈ నవల జర్మన్‌లోకి రావడం అది మొదటిసారి కాదు. గేయోర్గ్ గోయెర్ట్ అనే అనువాదకుడు 1927లోనే ఒక అనువాదం ఇచ్చారు. దారి లేని చోట దారి వేసినవారు ఆయన. 1975లో వోల్‌ష్లేగర్ అనువాదం వెలువడినప్పుడు దాన్ని జర్మన్ సాహిత్యంలోనే ఒక ఘట్టంగా విమర్శకులు స్వాగతించారు.

పేరు పెట్టడంలోనూ న్యాయం ఉంది

ఇప్పుడు మన చరిత్రను తాకే గ్రంథానికి వద్దాము. 1973లో వోల్‌ష్లేగర్ సలీబీ యుద్ధాల చరిత్ర రాశారు. దాని శీర్షికకు తెలుగులో అర్థం చెప్పాలంటే 'జెరూసలేముకు సాయుధ తీర్థయాత్రలు' అనవచ్చు. ఈ శీర్షికలోనే ఒక అనువాదకుడి చూపు ఉంది. 1095 నవంబరులో పోప్ రెండవ అర్బన్ ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌లో పిలుపునిచ్చినప్పుడు బయలుదేరినవారు తమ దండయాత్రను 'క్రూసేడు' అనలేదు. ఆ పదం తరువాతి కాలంలో స్థిరపడింది. వారు తమను యాత్రికులుగా చెప్పుకున్నారు. యాత్ర అని వారు అన్న మాటను వోల్‌ష్లేగర్ అలాగే ఉంచి, దాని పక్కన వారి చేతిలోని కత్తిని నిలబెట్టారు. ఒక్క విశేషణంతో యావత్తు వైరుధ్యమూ బయటపడింది.

మనవైపు పేరు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఆ కాలపు అరబ్బు చరిత్రకారులు 'సలీబీ యుద్ధాలు' అన్న పదాన్ని ఎరగరు. వారు దండెత్తి వచ్చినవారిని 'ఫ్రంజ్' అన్నారు, అంటే ఫ్రాంకులు. 'సలీబీ యుద్ధాలు' అన్న పదబంధం పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా భాషల నుండి అరబ్బీలోకి అనువాదమై వచ్చినదే. ఆ ఫ్రాంకుల పేరే పారసీకంలో 'ఫరంగ్' అయి, వారు తెచ్చిన తుపాకీ మందు ఆయుధానికి తగులుకొని, మన తెలుగులో 'ఫిరంగి'గా మిగిలింది. పదాలు కూడా యాత్రలు చేస్తాయి. అవి ఎక్కడినుండి వచ్చాయో తెలుసుకోకపోతే, ఇతరులు మనకు పెట్టిన కళ్లద్దాలతోనే మన చరిత్రను మనం చూస్తాము.

1096లో, ముస్లింల నేలను చేరకముందే, ఆ సమూహాలు రైన్ నదీ తీరంలోని వోర్మ్స్, మైంజ్ నగరాల్లో యూదులను ఊచకోత కోశాయి. 1099 జులై 15న బైతుల్ మఖ్దిస్ వారి వశమైనప్పుడు నగరంలోని ముస్లింలకు, యూదులకు జరిగిన సంహారాన్ని ఆ సేనలతో ఉన్న క్రైస్తవ మతగురువులే సంతోషంతో రాసుకున్నారు. 1204లో నాలుగవ దండు తోటి క్రైస్తవుల నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌నే కొల్లగొట్టింది. ఇటువంటి విషయాలను పాస్టరు కుమారుడైన వోల్‌ష్లేగర్ తన దేశ ప్రజల ముందు దాపరికం లేకుండా పరిచారు. అది ఆ సమాజానికి రుచించే మాట కాదు.

ఇక్కడ మన పాఠకులకు ఒక హెచ్చరిక అవసరం. ఈ గ్రంథాన్ని చూపి 'మనల్ని మెచ్చుకున్నారు' అని సంబరపడటం అమానత్‌కు విరుద్ధం. ఆయన ఇస్లాంను సమర్థించడానికి దాన్ని రాయలేదు. మతం పేరిట సాగే అధికారంపైన, మత విశ్వాసంపైన ఆయనకు ఉన్న తీవ్ర వ్యతిరేకత ఆ పుటలలో ఉంది. ఆ వ్యతిరేకతతో మేము ఏకీభవించము. ఆయన చెప్పినదాన్ని మనకు నచ్చినంతవరకు కత్తిరించి చూపడమంటే, ఆయన జీవితాంతం ఎదిరించిన తప్పును ఆయన విషయంలోనే చేయడం.

అదే న్యాయం మన కథనాలకూ వర్తించాలి. 1187 అక్టోబరు 2న సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ బైతుల్ మఖ్దిస్‌లో ప్రవేశించినప్పుడు ఊచకోత జరగలేదు. నగరవాసులు పరిహారం చెల్లించి వెళ్లిపోవడానికి అవకాశం ఇచ్చారు. సుల్తాన్, ఆయన సోదరుడు అల్ ఆదిల్ అనేకమంది పేదలను పరిహారం లేకుండానే విడిపించారు. ఈ సంగతి మనం పిల్లలకు గర్వంగా చెబుతాము, చెప్పవలసిందే. అయితే పరిహారం చెల్లించలేక వేలాదిమంది బానిసత్వంలోకి వెళ్లారన్నది కూడా అదే చరిత్రలోని వాక్యం. ఒక వాక్యాన్ని వినిపించి, రెండవదాన్ని మింగివేస్తే మాట చేరినట్లు కాదు. శత్రువు పట్లనైనా న్యాయం తప్పరాదని నేర్చుకున్న మనం చరిత్ర చెప్పేటప్పుడు ఆ పాఠాన్ని అటకమీద పెట్టరాదు.

హరీరీ జర్మన్ మాట్లాడిన కథ

మాలర్ సంగీతం మీది ప్రేమ వోల్‌ష్లేగర్‌ను మరో తలుపు వద్దకు నడిపించి ఉంటుందని మేము భావిస్తాము. ఆ తలుపు పేరు ఫ్రీడ్రిక్ రుకర్ట్. 1788లో ష్వైన్‌ఫుర్ట్‌లో జన్మించి 1866లో మరణించిన ఈ కవి, అర్లాంగెన్, బెర్లిన్ విశ్వవిద్యాలయాల్లో ప్రాచ్య భాషల ఆచార్యులుగా పనిచేశారు. అరబ్బీ, పారసీకం, సంస్కృతం మొదలుకొని డజన్లకొద్దీ భాషలు నేర్చారు. గజల్ ప్రక్రియను జర్మన్ నేలలో నాటినవారిలో ముందువరుసలో ఉన్నారు. మన దేశపు నల దమయంతుల కథను కూడా 1828లో జర్మన్ పద్యంగా వెలువరించారు.

1833-34 శీతాకాలంలో రుకర్ట్ పిల్లలు ఇద్దరు జ్వరంతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. ఆ తండ్రి తన శోకాన్ని నాలుగు వందలకు పైగా కవితలుగా రాసుకున్నారు. జీవించి ఉండగా వాటిని అచ్చు వేయలేదు. 1872లో గాని అవి బయటకు రాలేదు. వాటిలో ఐదింటికి మాలర్ సంగీతం కూర్చారు. ఆ కవితల సంపుటిని 1988లో సవివరమైన పీఠికతో మళ్లీ వెలువరించినవారు వోల్‌ష్లేగరే.

మదరసా విద్యార్థులకు రుకర్ట్ మరో విధంగా దగ్గరివారు. బస్రా పండితుడు హరీరీ రచించిన 'మఖామాత్' ఎంత కఠినమో దాన్ని చదివినవారికి తెలుసు. అబూ జైద్ సరూజీ అనే మాటకారి ఊరూరా వేషం మార్చి, వాక్చాతుర్యంతో జనాన్ని మైమరపించి, సొమ్ము రాబట్టుకొని జారుకుంటూ ఉంటాడు. హరీరీ అందులో చేయని భాషా విన్యాసం లేదు. ఒకచోట చుక్క ఉన్న అక్షరం ఒక్కటీ లేని ప్రసంగం ఉంటుంది. మరొకచోట ఒక పదం పూర్తిగా చుక్కలున్న అక్షరాలతో, తరువాతి పదం చుక్కలే లేని అక్షరాలతో సాగే లేఖ ఉంటుంది. మేము దీన్ని బోధించేటప్పుడు, 'ఇది ఏ భాషలోకీ వెళ్లదు' అని విద్యార్థులు తేల్చివేస్తుంటారు. వారికి మేము రుకర్ట్ పేరు చెబుతాము. 1826లో మొదటి భాగంగా, 1837లో విస్తరించి, ఆయన వాటిలో అధిక భాగాన్ని జర్మన్‌లోకి తెచ్చారు. చుక్కల ఆట జర్మన్ లిపిలో సాధ్యం కాదు. అందుచేత అంత్యప్రాసలతో నడిచే గద్యాన్ని, మాటల గారడీని తన భాషలో సాధ్యమైన రీతిలో తిరిగి కట్టారు.

ఆయన దివ్యఖుర్ఆన్ నుండి అనేక భాగాలను కూడా జర్మన్‌లోకి అనువదించారు. అవి ఆయన మరణానంతరం 1888లో వెలువడ్డాయి. మూలంలోని లయను, ప్రాసను జర్మన్ చెవికి అందించాలన్న తపన అందులో ముఖ్యమైనది. అల్లాహ్ వాక్కుకు ఏ అనువాదమూ సమానం కాజాలదన్నది మన విశ్వాసం. అయినా, అర్థంతో పాటు ధ్వనిని కూడా గౌరవించాలని ఒక క్రైస్తవ దేశపు కవి అంతగా ఆరాటపడటం గుర్తుంచుకోదగిన విషయం.

ఇంతటి కవి రాతప్రతులు ఎన్నో సక్రమంగా అచ్చుకు నోచుకోలేదు. వోల్‌ష్లేగర్, రుడాల్ఫ్ క్రాయిట్నర్ అనే పండితుడు కలిసి రుకర్ట్ సమగ్ర రచనల పరిష్కృత ముద్రణకు పూనుకున్నారు. 1998 నుండి ఆ సంపుటాలు వెలువడసాగాయి. ఇతరుల మాటను మోసిన ఒక అనువాదకుడి మాటను మరో అనువాదకుడు మోశారు.

సొంత నవల సగంలో

ఇంతవరకు చెప్పినవన్నీ ఇతరుల రచనలకు చేసిన సేవలే. మరి ఆయన సొంత నవల? ఉంది. 1982లో దాని మొదటి సంపుటం వెలువడింది. పేరుకు తెలుగులో 'హృదయంలో మొలిచినవి' అని స్థూలంగా అర్థం చెప్పవచ్చు. మైఖేల్ ఆడమ్స్ అనే రచయిత ప్రవాసం నుండి, యుద్ధానంతర కాలంలో, బాంబెర్గ్‌కు తిరిగి వస్తాడు. అతడి రాతల తునకలుగా నవల నడుస్తుంది. విమర్శకులు దాన్ని గొప్ప ప్రయత్నంగా గౌరవించారు, కఠినమైన గ్రంథమని కూడా అన్నారు. రెండవ సంపుటం కోసం పాఠకులు ఎదురుచూశారు. పాతికేళ్లు గడిచాయి. 2007 మే 19న వోల్‌ష్లేగర్ బాంబెర్గ్‌లో కన్నుమూశారు. అప్పటికీ రెండవ సంపుటం వెలువడలేదు.

ఒకప్పుడు మాలర్ అసంపూర్ణ సింఫనీ ముందు నిలిచిన యువకుడు, చివరకు తానూ ఒక అసంపూర్ణ గ్రంథాన్ని విడిచి వెళ్లారు. పరుల దీపాలకు నూనె పోస్తూ తన దీపాన్ని మరిచారా? అలా అనడానికి మాకు మనసొప్పదు. ఆయన చేతుల మీదుగా జర్మన్ పాఠకులకు అందినవి పో, జాయిస్, కార్ల్ మే, రుకర్ట్. ఒక జీవితానికి ఇది తక్కువ పంట కాదు. అయితే ప్రతి సేవకూ ఒక మూల్యం ఉంటుందన్నది కూడా నిజం. దాన్ని ఆయన తన నవల రూపంలో చెల్లించారని చెప్పుకోవచ్చు.

మరణానంతరం ఎదురైన ప్రశ్న

కథ అక్కడితో ముగియలేదు. ఆయన 'యులిసిస్' అనువాదం వెలువడిన తరువాత, 1984లో, మ్యూనిక్ పండితుడు హాన్స్ వాల్టర్ గాబ్లర్ ఆంగ్ల మూలాన్నే రాతప్రతులతో పోల్చి, వేల చోట్ల సవరించి ప్రచురించారు. అంటే వోల్‌ష్లేగర్ ఏ మూలాన్ని నమ్మి అనువదించారో ఆ మూలంలోనే తప్పులున్నాయని తేలింది. జాయిస్ ఒక అధ్యాయంలో నాటిన పదం వందల పుటల తరువాత మళ్లీ పలుకుతుంది. అటువంటి ప్రతిధ్వనులు కొన్ని అనువాదంలో జారిపోయాయని కూడా పరిశోధకులు గుర్తించారు. హరాల్డ్ బెక్ నాయకత్వంలో ఒక బృందం పదేళ్లపాటు కూర్చుని, ఆ అనువాదాన్ని వేల చోట్ల సవరించింది.

2018లో ఆ సవరించిన ప్రతి విడుదలకు సిద్ధమైంది. అప్పుడు వోల్‌ష్లేగర్ రచనల హక్కులు వారసత్వంగా పొందినవారు అనుమతి నిరాకరించారు. ఇన్ని మార్పుల తరువాత అది ఆయన రచన కాదన్నది వారి వాదన. పదేళ్ల శ్రమ అంగడికి రాలేదు. పరిశోధకుల ఉపయోగం కోసం దాదాపు 200 ప్రతులు మాత్రం అచ్చయ్యాయి.

ఇందులో ఎవరిది న్యాయం? సవరించినవారు మూల రచయిత మాటకు విశ్వాసంగా ఉన్నారు. నిరాకరించినవారు అనువాదకుడి మాటకు విశ్వాసంగా ఉన్నారు. రెండు అమానతులు ఎదురెదురుగా నిలిచాయి. మా అభిప్రాయం ఇది: తప్పు దిద్దడం ధర్మమే, కాని దిద్దిన మాటను మరణించినవారి పేరిట చెప్పరాదు. మన పూర్వ విద్వాంసులు ఒక గ్రంథంలో పొరపాటు చూస్తే మూలాన్ని చెరపలేదు. పుట అంచున హాషియా రాశారు. మూలం మూలంగా నిలిచింది, సవరణ సవరణగా కనబడింది, ఎవరి మాట ఎవరిదో పాఠకుడికి తెలిసింది. పదేళ్ల పరిశోధన ఫలాలు హాషియా రూపంలో వోల్‌ష్లేగర్ వాక్యాల పక్కన నిలిచి ఉంటే, ఇద్దరికీ న్యాయం జరిగేదని మాకు తోస్తుంది.

మన ఇళ్లలోని అనువాదకులు

జర్మనీలోని ఒక సాహిత్యకారుడి కథ మన వంటింటి దాకా వస్తుందా? వస్తుంది. మన ఇళ్లలో నానీ ఉర్దూలో మాట్లాడుతుంది, మనవరాలు తెలుగులో చదువుతుంది. ఖుత్బాలో విన్నదాన్ని ఇంటికి వచ్చి తండ్రి పిల్లలకు చెబుతాడు. వైద్యుడు చెప్పినదాన్ని కొడుకు తల్లికి వివరిస్తాడు. అత్తగారి మాటను కోడలికి, కోడలి మాటను అత్తగారికి ఆడబిడ్డ చేరవేస్తుంది. వీరంతా అనువాదకులే. చేరవేసేటప్పుడు ఒక్క పదం పెంచినా, ఒక్కటి తుంచినా, స్వరం కొంచెం మార్చినా, ఇద్దరి మధ్య గోడ లేవవచ్చు. తలాక్ దాకా వెళ్లిన కొన్ని తగాదాలు ఇలా మోసిన మాటలతోనే మొదలయ్యాయని పంచాయితీల్లో కూర్చున్న పెద్దలందరికీ తెలుసు.

అందుచేత మూడు నియమాలు చెప్పి ముగిస్తాము. మూలం పూర్తిగా అర్థం కాకుండా మాటను మోయరాదు. అనుమానం ఉంటే చెప్పినవారినే మళ్లీ అడగాలి. మన అభిప్రాయం కలపదలిస్తే, 'ఇది నా మాట' అని వేరుగా చెప్పాలి. నచ్చని మాటను కూడా, అప్పగించినది అప్పగించినట్లుగా చేర్చాలి. ఒక సాహస కథా రచయిత వాక్యాల కోసం, ఒక ఐర్లండ్ నవల శైలి కోసం ఒక మనిషి ఇంతటి నిష్ఠ చూపగలిగినప్పుడు, సాటి సోదరుడి మాట విషయంలో మనం చూపవలసిన నిష్ఠ ఎంతటిదో పాఠకులే ఆలోచించాలి.

అల్లాహ్ మన నాలుకలను, మన కలాలను అమానత్‌కు కట్టుబడి ఉండేలా చేయుగాక! ఆమీన్.